పటం ఒకటి – ఆటలు అనేకం

ప్రవేశిక

ఆట ఆడటం అందరికీ తెలుసు. ఆటను తయారుచేయడం మాత్రం ఎక్కడో ఉన్న నిపుణులకే తెలుసునని చాలామంది అనుకుంటారు. కాని వాకిట్లో సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, "ఈ గీత దాటితే ఔట్" అని చెప్పిన ప్రతి బిడ్డా ఒక ఆటను తయారుచేసినట్టే. ఒకే సాధనాన్ని పదిమంది పంచుకొని, జీతం ఆశించకుండా, ఎవరికి కావలసిన ఆటను వారు నిర్మించుకొన్న తీరును ఈ పాఠం వివరిస్తుంది.

1. వర్లి చాళ్ళలో గవ్వలు

ముంబై మహానగరంలో వర్లి ఒక పేట. 1920లో అప్పటి బొంబాయి ప్రభుత్వం కార్మికుల నివాసాల కోసం బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అనే శాఖను ఏర్పరచింది. ఆ శాఖ కట్టించిన ఇళ్ళ వరుసలే బి.డి.డి. చాళ్ళు. వర్లి, నాయిగావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీలలో మొత్తం 207 కట్టడాలు ఉండగా, వాటిలో 121 ఒక్క వర్లిలోనే ఉండేవి. ఒక్కొక్క కట్టడానికి నేల అంతస్తు, దానిపైన మూడు అంతస్తులు. ఒక్కొక్క కుటుంబానికి 160 చదరపు అడుగుల గది. గదుల ముందు అందరిదీ అయిన పొడుగాటి వరండా.

ఇక్కడికి తెలుగువారి రాక చాలా పాతది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలనుండి వచ్చి, బొంబాయిలో కట్టడాల పనులు చేసిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా ఏర్పడింది. ఆ తరువాతి తరాలలో పద్మశాలీలు, ఇతర తెలుగు కుటుంబాలవారు బట్టల మిల్లులలో పనిచేయడానికి వచ్చి వర్లి చుట్టుపక్కల స్థిరపడ్డారు. వారు తమ వెంట తెచ్చుకొన్న సామానులో కొన్ని గవ్వలు కూడా ఉండేవి. అవి అష్టాచెమ్మా ఆడుకొనే గవ్వలు.

అష్టాచెమ్మా పటం గీయడానికి సుద్దముక్క చాలు. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం 25 గళ్ళు. ఆడేవారికి తలా నాలుగు కాయలు. నాలుగు గవ్వలు కలిపి వేస్తారు. ఒక్క గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అనగా నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా ఎనిమిది. చుట్టూ తిరిగి నడిమింటికి చేరిన కాయ పండినట్టు.

ఇంతవరకు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. ఆ తరువాత తేడాలు మొదలవుతాయి. ఎదుటివారి కాయను ఒక్కదానినైనా చంపనిదే లోపలి గళ్ళలోకి పోరాదని ఒక ఇంటివారు అంటారు. అక్కరలేదని మరొక ఇంటివారు అంటారు. అష్టా పడితే మరొకసారి గవ్వలు వేయవచ్చునని కొందరు, వరుసగా మూడుసార్లు పడితే ఆ పందెం చెల్లదని మరికొందరు. కన్నడ దేశంలో ఇదే ఆటను చౌకాబారా అంటారు. అక్కడ 49 గళ్ళ పటం మీద కూడా ఆడతారు. ఈ రకాలలో ఏది అసలైనది అని అడిగితే సమాధానం లేదు. పటం, గవ్వలు, లెక్క అందరివీ. మిగిలిన నియమాలు ఆడేవారివి.

పులిజూదం సంగతీ ఇంతే. తెలుగు నేలమీద పాత గుళ్ళ మండపాలలో రాతిపలకల మీద చెక్కిన పటాలు ఇప్పటికీ కనబడతాయి. ఒక రకంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పులి మేకమీదుగా దూకి దానిని తింటుంది. మేకలన్నీ కలిసి పులిని కదలనీయకుండా కట్టివేస్తాయి. నేపాల్ దేశంలో ఇదే ఊహతో బాగ్‌చాల్ అనే ఆట ఉన్నది. దానిలో నాలుగు పులులు, ఇరవై మేకలు. పటం ఆకారం మారింది, లెక్క మారింది. పులిమేకల పోరు మాత్రం మారలేదు.

2. ఇంజను అంటే ఏమిటి?

కంప్యూటరు ఆటలలోనూ ఇటువంటి ఉమ్మడి భాగం ఒకటి ఉంటుంది. దానిని ఇంజను అంటారు. ఈ మాట ముంబై కార్మిక కుటుంబాలకు కొత్తది కాదు. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ ఈ నగరంలో మొదటి బట్టల మిల్లును స్థాపించాడు. ఆనాటి మిల్లులలో ఆవిరి ఇంజను ఒకచోట ఉండేది. అది ఒక పొడవైన ఇరుసును తిప్పేది. ఆ ఇరుసుకు తగిలించిన తోలుపట్టాలు వరుసగా ఉన్న మగ్గాలన్నింటినీ నడిపేవి. ఇంజను ఒకటే అయినా, ఒక మగ్గం మీద ధోవతి, మరొక మగ్గం మీద దుప్పటి నేయవచ్చును. ఏ బట్ట నేయాలో ఇంజను చెప్పదు. అది మగ్గాలకు బలాన్ని మాత్రమే ఇస్తుంది.

కంప్యూటరు ఆటలో ఇంజను చేసే పని కూడా అటువంటిదే. తెరమీద బొమ్మలను గీయడం, అవి కదిలేటట్లు చేయడం, ఒక వస్తువు మరొక వస్తువుకు తగిలినదా లేదా అని చూడడం, చప్పుడు వినిపించడం, దూరాన ఉన్న ఇద్దరు ఆటగాళ్ళను కలపడం – ఇవన్నీ ఇంజను పనులు. కథ ఏమిటి, పాత్రలు ఎవరు, ఎప్పుడు గెలిచినట్టు అన్నవి ఆట పనులు. ఈ రెండింటినీ వేరుచేయగలిగిన నాడు ఒకే ఇంజను మీద ఎన్ని ఆటలైనా కట్టవచ్చును.

3. ఆడేవారే కట్టేవారైన తీరు

1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ డూమ్ అనే ఆటను విడుదల చేసింది. అది తుపాకుల ఆట. పిల్లలకోసం చేసినది కాదు. కాని దాని నిర్మాణంలో ఒక విశేషం ఉన్నది. బొమ్మలు, గదుల పటాలు, చప్పుళ్ళు మొదలైనవాటిని ఇంజనులో కలపకుండా విడిగా ఒక మూటగా కట్టి ఉంచారు. దానివల్ల ఇంజనును ముట్టుకోకుండానే కొత్త గదులను, కొత్త దారులను చేర్చడం ఆడేవారికి సాధ్యమైంది. 1997 డిసెంబరులో ఆ సంస్థ ఇంజను లోపలి వ్రాతను కూడా బయటపెట్టింది. ముప్పై ఏళ్ళు దాటినా డూమ్ కోసం కొత్త పటాలు గీసేవారు ఇంకా ఉన్నారు.

1998లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన హాఫ్-లైఫ్ ఆట ఇంజను మీద మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు 1999లో కౌంటర్-స్ట్రైక్ అనే కొత్త ఆటను తయారుచేశారు. అది ఎంతో పేరు పొందింది. వాల్వ్ సంస్థ ఆ ఆటను తీసుకొని, 2000లో తన పేరుతో విక్రయించింది. ఆడేవారు సరదాకు చేసిన పని అంగడి సరుకు కాగలదని దీనివల్ల లోకానికి తెలిసింది.

ఇంతకంటె ఆశ్చర్యమైనది స్ప్రింగ్ అనే ఇంజను చరిత్ర. 1997లో టోటల్ యానిహిలేషన్ అనే యుద్ధవ్యూహాల ఆట వచ్చింది. దానిని తయారుచేసిన కేవ్‌డాగ్ సంస్థ కొన్నేళ్ళకే మూతపడింది. సంస్థ పోయినా ఆట మీద ఇష్టం పోలేదు. స్వీడన్ దేశానికి చెందిన ఒక ఆటగాళ్ళ బృందం తాము ఆడిన పందేలను తెరమీద అన్ని వైపులనుండి మళ్ళీ చూసుకోవడానికి ఒక చిన్న సాధనాన్ని చేసుకొంది. చూడడానికి చేసినదానిని ఆడడానికి కూడా పనికివచ్చేటట్లు పెంచాలని వారికి తోచింది. అదే 2005లో స్ప్రింగ్ ఇంజనుగా వెలువడింది. దాని వ్రాతను అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఆ తరువాత ఎక్కడెక్కడి ఆటగాళ్ళో దానిమీద తమతమ ఆటలను కట్టారు. ఒక బృందం రెండవ ప్రపంచయుద్ధాన్ని ఇతివృత్తంగా తీసుకొని స్ప్రింగ్: 1944ను తయారుచేసింది. మరొక బృందం కంప్యూటరు లోపలే జరిగే పోరాటాన్ని ఊహించి కెర్నల్ పానిక్ అనే ఆటను చేసింది. ఇంకొందరు పాత టోటల్ యానిహిలేషన్‌నే మెరుగుపరచి బాలెన్స్‌డ్ యానిహిలేషన్ అన్నారు. దానితో ఏకీభవించనివారు వేరుపడి కంప్లీట్ యానిహిలేషన్ అన్నారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇంజను అందరిదీ అయినా, పాత ఆటలోని బొమ్మలు, చప్పుళ్ళు వేరొకరి సొత్తు. వాటిని వాడుకొంటూ ఉన్నంతకాలం ఆ ఆట నిలిచిన నేల గట్టిది కాదు. కంప్లీట్ యానిహిలేషన్ బృందం ఒక కష్టమైన నిర్ణయం తీసుకొన్నది. పాత బొమ్మలను ఒక్కొక్కటిగా తీసివేసి, వాటి స్థానంలో సొంత బొమ్మలు పెట్టారు. ఆటకు జీరో-కె అని కొత్త పేరు పెట్టారు. 2018లో స్టీమ్ అనే ఆటల అంగడిలో దానిని ఉచితంగా ఉంచారు. ఇదే వంశానికి చెందిన బియాండ్ ఆల్ రీజన్ అనే ఆట కూడా స్వచ్ఛంద సేవకుల చేతిలోనే పెరిగింది. స్ప్రింగ్‌నుండి చీలిన రికాయిల్ అనే ఇంజను దానికి ఆధారం.

ఫిన్లండ్ దేశంలో పెర్తు అహోలా అనే యువకుడు 2010లో మైన్‌టెస్ట్ అనే పేరుతో ఒక ఆటను మొదలుపెట్టాడు. మట్టి, రాయి, చెక్క దిమ్మెలను పేర్చి లోకాన్ని కట్టే ఆట అది. రానురాను అది ఆటగా కంటె ఇంజనుగానే ఎక్కువ పెరిగింది. దానిని దించుకొన్నవారు తమకు నచ్చిన ఆటను అందులో వేసుకొంటారు. లేదా తామే ఒకటి వ్రాసుకొంటారు. అందుకే 2024లో దాని పేరును లువాంతి అని మార్చారు. ఫిన్నిష్ భాషలో "లువోంతి" అంటే సృష్టి. దానిలో నియమాలను వ్రాయడానికి వాడే కంప్యూటరు భాష పేరు లువా. ఈ రెండు మాటల కలయికే కొత్త పేరు. లువా భాష 1993లో బ్రెజిల్ దేశంలో పుట్టింది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. స్ప్రింగ్ ఇంజను కూడా ఇదే భాషను వాడుకొన్నది. స్వీడన్ ఇంజను, బ్రెజిల్ భాష, ఎక్కడివాడో తెలియని ఆటగాడి ఊహ – ఇవన్నీ కలిసి ఒక ఆట అవుతున్నది.

4. పని పంపకం – తగవులు

ఒక ఆటకు చాలా చేతులు కావాలి. ఒకరు బొమ్మలు గీస్తారు. ఒకరు నియమాలను కంప్యూటరు భాషలో వ్రాస్తారు. ఒకరు సంగీతం కూరుస్తారు. ఒకరు ఇంకొక భాషలోకి అనువదిస్తారు. ఏమీ రాదనుకొనేవారికి కూడా ఒక పని ఉన్నది. ఆట ఆడి, ఎక్కడ తప్పు జరిగిందో స్పష్టంగా వ్రాసి పంపడం. "ఆట పాడైంది" అని వ్రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "మూడవ మెట్టు మీద నిలబడి ఎడమవైపు దూకితే గోడలోకి పోతున్నది" అని వ్రాస్తే పని జరుగుతుంది.

జీతం లేని చోట అధికారం కూడా తక్కువ. అందుచేత తగవులు వస్తాయి. ఒక ఆయుధం బలం తగ్గించాలా వద్దా అన్నదానిపై నెలల తరబడి వాదాలు జరుగుతాయి. మాట కుదరకపోతే ఉమ్మడి వ్రాతకు నకలు తీసుకొని వేరుపడే హక్కు అందరికీ ఉన్నది. వేరుపడినవారు కొత్త ఆట చేయవచ్చును. కాని దానికి ఒక వెల ఉన్నది. ఇరవైమంది ఆడే ఆట రెండుగా చీలితే చెరి పదిమందే మిగులుతారు. పదిమంది అయిదుగురైతే ఎదుట కూర్చొనేవారు దొరకరు. ఉత్సాహంతో మొదలైన పనులు చాలా మధ్యలోనే ఆగిపోయాయి. చదువు ముగిసి ఉద్యోగంలో చేరినవారు, ఇంటి బాధ్యతలు పెరిగినవారు పని మానుకొంటారు. వారి తరువాత ఆ పని అందుకొనేవారు ఉంటేనే ఆట బ్రతుకుతుంది.

అందుకోవడం సాధ్యం కావాలంటే హక్కు ముందుగానే వ్రాసి ఉండాలి. 1989లో రిచర్డ్ స్టాల్మన్ జి.ఎన్.యు. జనరల్ పబ్లిక్ లైసెన్స్ అనే ఒప్పందపత్రాన్ని రూపొందించాడు. దాని సారాంశం ఇది: ఈ వ్రాతను ఎవరైనా తీసుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. అయితే మార్చి ఇచ్చేవారు, తాము పొందిన స్వేచ్ఛనే పుచ్చుకొనేవారికీ ఇవ్వాలి. స్ప్రింగ్ ఇంజను ఈ ఒప్పందం కిందనే వెలువడింది. బావినీళ్ళు తోడుకొన్నవారు చేద దాచుకొని పోరాదన్నట్టిది ఈ నియమం.

ఇటువంటి హక్కు లేని ఆటల గతి వేరు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల పందేల ఆట నడవడానికి సంస్థవారి కంప్యూటర్లతో సంబంధం తప్పనిసరి. 2024 మార్చి 31న సంస్థ వాటిని ఆపివేసింది. డబ్బు ఇచ్చి కొనుక్కొన్నవారు కూడా మరునాటినుండి ఆడలేకపోయారు. గవ్వలు ఇంటిలోనే ఉన్నా, పటం ఎవరో తీసుకొనిపోయినట్టయింది.

5. తెలుగులో ఈ పని

తెలుగువారు ఇటువంటి ఉమ్మడి పనికి దూరంగా లేరు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వందలాది భాషల వికీపీడియాలను నడిపే సాధనం ఒకటే. దానిమీద తెలుగు వ్యాసాలను వ్రాసినవారు స్వచ్ఛంద సేవకులు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి కంప్యూటరును తెలుగులో నడిపే వ్యవస్థను సిద్ధం చేశారు. పిల్లలు బొమ్మలు గీసుకొనే టక్స్ పెయింట్ అనే ఉచిత సాధనానికి కూడా ఎవరో ఓపికగా తెలుగు మాటలు సమకూర్చారు.

ఆటల ఇంజనులలో తెలుగుకు చాలాకాలం ఒక అడ్డు ఉండేది. ఆంగ్లంలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. తెలుగులో ఒత్తులు కిందికి పోతాయి, గుణింతాలు అక్షరం ఆకారాన్నే మారుస్తాయి. "స్త్రీ" అనే మాట చూడడానికి ఒకే అక్షరం. కంప్యూటరు లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. వాటిని కలిపి ఒక రూపంగా గీయడం ఇంజనుకు తెలియకపోతే ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెత్స్కీ, ఏరియల్ మన్సూర్ మొదలుపెట్టిన గొడో అనే ఇంజనును 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2023 మార్చిలో వచ్చిన దాని నాలుగవ రూపంలో ఇటువంటి లిపులను సరిగా గీసే ఏర్పాటు చేరింది. ఆ పనితో తెలుగుకు, ఇంకా ఎన్నో భాషలకు ఒకేసారి దారి తెరుచుకొంది. ఉమ్మడి ఇంజనువల్ల కలిగే మేలు ఇదే. ఒకచోట చేసిన మరమ్మతు అందరికీ అందుతుంది.

6. వరండా పోయినా ఆట మిగలాలంటే

వర్లి బి.డి.డి. చాళ్ళు ఇప్పుడు మారుతున్నాయి. పాత కట్టడాలను తొలగించి, ఎత్తైన భవనాలలో 500 చదరపు అడుగుల ఇళ్ళను కట్టి ఇస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడతగా వర్లిలో 556 కుటుంబాలవారికి తాళపుచెవులు అందజేశారు. ఒక్క గదిలో తరాలు గడిపినవారికి ఇది సంతోషకరమైన మార్పు. అయితే ఇరవై గుమ్మాలను ఒకటిగా కలిపిన వరండా కొత్త ఇంటితోపాటు రాదు. అక్కడ సుద్దతో గీసిన పటాలూ, ఆ అంతస్తుకే పరిమితమైన నియమాలూ ఎక్కడా వ్రాసిపెట్టినవి కావు. అవి పెద్దల నోట ఉన్నవి. ఆడేవారు విడిపోతే వాటిని చెప్పేవారూ ఉండరు.

వాటిని కాపాడే మార్గం ఒకటి ఉన్నది. ఒక అంతస్తువారి అష్టాచెమ్మాను ఉచితమైన ఇంజను మీద ఆటగా కట్టడం. దానికి మొదటి మెట్టు కంప్యూటరు కాదు, కాగితం, పెన్సిలు. "మామూలుగా ఆడేటట్టే" అంటే కంప్యూటరుకు అర్థం కాదు. ఒకే గడిలో ఒకరివే రెండు కాయలు ఉంటే ఏమగును? గుర్తు వేసిన ఇంట్లో ఉన్న కాయను చంపవచ్చునా? నడిమింటికి రెండు కావలసి ఉండగా మూడు పడితే ఏమి చేయాలి? ఇటువంటి ప్రశ్నలు ఒక్కొక్కటీ అమ్మమ్మనో తాతనో అడిగి వ్రాసుకోవాలి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ వ్రాసుకోవాలి. అవి రెండు ఆటలు.

గవ్వల లెక్క కూడా ఆలోచించవలసినదే. పందెంలో పడేవి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అనే అయిదు అంకెలు. ఈ అయిదింటిలో ఒకదానిని లాటరీ తీసినట్టు తీయమని కంప్యూటరుకు చెబితే అయిదింట ఒకసారి అష్టా పడుతుంది. నిజమైన గవ్వలు అలా పడవు. ఒక్కొక్క గవ్వ పడే తీరులు రెండు. నాలుగు గవ్వలు పడే తీరులు 2 × 2 × 2 × 2 = 16. గవ్వ ఏ వైపైనా సమానంగా పడుతుందనుకొంటే, ఆ పదహారింటిలో ఒకటి రావడానికి 4, రెండు రావడానికి 6, మూడు రావడానికి 4 తీరులు ఉన్నాయి. చెమ్మాకు ఒక్కటే, అష్టాకు ఒక్కటే. అందుకే అష్టా పడినప్పుడు వరండా అంతా కేకలు వేస్తుంది. పదహారింట ఒకసారి వచ్చేదానిని అయిదింట ఒకసారి రప్పిస్తే పటం ఉంటుంది, కాయలు ఉంటాయి, కాని ఆ కేక ఉండదు. ఆటను నిలబెట్టడమంటే దాని బొమ్మను నిలబెట్టడం మాత్రమే కాదు.

ఇలా తయారైన ఆటను ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవచ్చును. లేదా మార్చుకొనే హక్కుతో సహా అందరికీ ఇవ్వవచ్చును. రెండవ పని చేస్తే సోలాపురంలోనో, భివండీలోనో, సూరత్‌లోనో ఉన్న మరొక తెలుగు విద్యార్థి దానిని తీసుకొని, "మా ఇంట్లో ఇలా ఆడరు" అని ఒక నియమం మార్చుతాడు. అప్పుడు వర్లివారి ఆట పోయినట్టు కాదు. దానికి ఒక తమ్ముడు పుట్టినట్టు.

పదాలు – అర్థాలు

పేట = నగరంలోని ఒక భాగం
వెల్లకిలా = నోరు పైకి ఉండునట్లు
బోర్లా = నోరు కిందికి ఉండునట్లు
ఇరుసు = చక్రాలను తిప్పే కడ్డీ
ఇతివృత్తం = కథా విషయం
సొత్తు = ఆస్తి
ఏకీభవించు = ఒకే అభిప్రాయం కలిగియుండు
స్వచ్ఛంద సేవకులు = ప్రతిఫలం కోరక తమంత తామే పనిచేసేవారు
నకలు = ప్రతి
చేద = బావినుండి నీరు తోడే పాత్ర

అభ్యాసము

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. కామాఠీపురాకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. అష్టాచెమ్మాలో అందరికీ ఉమ్మడిగా ఉండేవి ఏవి?
3. లువాంతి అనే పేరు ఎలా ఏర్పడింది?
4. "స్త్రీ" అనే మాట కంప్యూటరు లోపల ఎన్ని సంకేతాలుగా ఉంటుంది?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు అయిదారు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. మిల్లు ఇంజనుకు, ఆటల ఇంజనుకు గల పోలిక ఏమిటి?
2. జీరో-కె బృందం పాత బొమ్మలను ఎందుకు తీసివేసింది? ఆ పని అవసరమేనా? మీ అభిప్రాయం వ్రాయండి.
3. వేరుపడే హక్కువల్ల కలిగే లాభాన్ని, నష్టాన్ని వివరించండి.
4. "పటం ఉంటుంది, కాయలు ఉంటాయి, కాని ఆ కేక ఉండదు." ఈ వాక్యంలోని భావాన్ని గవ్వల లెక్క సహాయంతో వివరించండి.

ఇ) భాషాంశాలు
1. ఈ పదాలను విడదీసి, సంధి పేరు వ్రాయండి: ఏమంటే, వారందరు, ఇంకేమి.
2. ఈ సమాసాలకు విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు చెప్పండి: మూడు పులులు, పులిమేకలు, బావినీళ్ళు.
3. "పండు" అనే మాట పండ్ల విషయంలో ఒక అర్థంలోను, అష్టాచెమ్మాలో మరొక అర్థంలోను వాడబడుతుంది. రెండు అర్థాలలోను సొంత వాక్యాలు వ్రాయండి.

ఈ) చేయదగిన పని
మీ ఇంటిలోగాని, ఇరుగుపొరుగు ఇళ్ళలోగాని పెద్దలను అడిగి ఒక ఆట నియమాలను వరుస అంకెలు వేసి వ్రాయండి. మీరు వ్రాసిన కాగితాన్ని ఆ ఆట తెలియని ఒక మిత్రునికి ఇవ్వండి. మీరు ఏమీ చెప్పకుండా అతడు ఆడగలిగినాడా? ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక నియమం తక్కువైనట్టు. దానిని చేర్చి మళ్ళీ వ్రాయండి.